సైట్ ఇంజినీరు ఉన్నట్టుండి ప్రాజెక్ట్ మేనేజర్ అయితే: మొదటి మూడు నెలలు ఏం చేయాలి

మీరు ఆరేళ్లు సైట్ ఇంజినీరుగా చేశారు. పాత మేనేజర్ మానేశారు. గుంటూరులో స్టిల్ట్ ప్లస్ 5 (కింద పార్కింగు, పైన ఐదు అంతస్తులు) అపార్ట్‌మెంటు రెండో శ్లాబు దశలో మీ చేతికి వచ్చింది. మేనేజ్‌మెంట్ కోర్సేదీ చేయలేదు, ఎక్కడ మొదలుపెట్టాలి, ముందు పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్) చేయాలా అని మీ ప్రశ్న. కోర్సుల సంగతి చివర్లో చెప్తాను. అంతకంటే ముందు ఈ వారమే చేయాల్సిన పనులున్నాయి.

మొదట ఒక విషయం. సైట్‌లో ఇవాళ పని ఆగిందంటే దాని మూలం చాలావరకు నాలుగు వారాల కిందటో, నాలుగు నెలల కిందటో ఉంటుంది. అప్పుడు తేల్చని నిర్ణయం, పెట్టని ఆర్డరు, అడగని డ్రాయింగు ఇవాళ ఖాళీగా కూర్చున్న కూలీల రూపంలో కనబడతాయి. సైట్ ఇంజినీరు ఇవాళ్టి పని చూస్తాడు. మీ కొత్త ఉద్యోగం మాత్రం ఇంకా సైట్‌కి రాని వాటిని చూడటం. లిఫ్ట్‌నే తీసుకోండి. అది బిగించేది ఆఖర్లో. కానీ లిఫ్ట్ గుంట లోతు, షాఫ్ట్ లోపలి కొలతలు, పైన వదలాల్సిన ఎత్తు కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారతాయి. గుంట సాధారణంగా మీటరున్నర వరకు అడుగుతారు. అంటే కంపెనీ ఎవరన్నది పునాది పోసే ముందే తేలిపోవాలి. మీ దగ్గర గుంట ఇప్పటికే పోసేసి ఉంటారు కాబట్టి, ఏ కంపెనీ డ్రాయింగు ప్రకారం పోశారో రేపే కనుక్కోండి. అసలు డ్రాయింగే లేకుండా పోసి ఉంటే గుంట, షాఫ్ట్ కొలతలు ఇప్పుడే తీసి ఇద్దరు ముగ్గురు కంపెనీలకు పంపండి. మిగిలిన అంతస్తుల్లో షాఫ్ట్‌ని సరిచేసుకునే అవకాశం ఇంకా ఉంది, నాలుగో శ్లాబు దాటాక ఉండదు.

మొదటి వారంలో చేయాల్సిన పెద్ద పని అప్పగింత. మాటల మీద తీసుకోవద్దు. పాత మేనేజర్‌గారు ఇంకా ఫోనులో దొరుకుతున్నప్పుడే నాలుగు లెక్కలు కాగితం మీద పెట్టించుకోండి: ఒక్కో మేస్త్రీకి ఇచ్చిన అడ్వాన్సు, చేసిన పనికి ఇంకా ఇవ్వాల్సిన బాకీ, సప్లయర్ల పెండింగు బిల్లులు, ఇప్పటిదాకా వచ్చిన క్యూబ్ టెస్టు (కాంక్రీటు దిమ్మల బలం పరీక్ష) రిపోర్టులు. మేస్త్రీలతో విడిగా కూర్చుని అవే అంకెలు అడగండి. తేడా తప్పకుండా వస్తుంది. ఆ తేడాను మొదటి వారంలోనే ఓనర్‌గారి ముందు పెడితే అది పాత లెక్క. రెండు నెలలాగి పెడితే మీ లెక్క అయిపోతుంది.

స్టాకు మీరే నిలబడి లెక్కించాలి. ఇనుముకి కాటా అక్కర్లేదు. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మీటర్ల పొడవున్న 8 ఎంఎం కడ్డీ సుమారు 4.74 కిలోలు, 10 ఎంఎం 7.4, 12 ఎంఎం 10.66, 16 ఎంఎం 18.96 కిలోలు. కడ్డీలు లెక్కపెట్టి ఈ అంకెలతో గుణించి రిజిస్టరుతో పోల్చండి. సిమెంటు బస్తాల మీద తయారీ వారం చూడండి, మూడు నెలలు దాటినవి పక్కన పెట్టించండి. తేదీ వేసి మీరు, స్టోర్ కీపరు, ఓనర్‌గారి తరఫు మనిషి ముగ్గురూ సంతకాలు పెట్టండి. కూలీల బీమా పాలసీ గడువు ఎప్పుడు ముగుస్తుందో కూడా అదే రోజు చూసుకోండి. చాలామంది మరిచిపోయే తేదీ అది.

తర్వాత కాగితాలు చదవాలి: ఆమోదం పొందిన ప్లాను, స్థల యజమానులతో డెవలప్‌మెంటు అగ్రిమెంటు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్, లేబర్ కాంట్రాక్టులు, ఎస్టిమేటు, ఫ్లాట్లు కొన్నవాళ్ల అగ్రిమెంటు నమూనా. వీటిలోంచి తేదీలూ డబ్బు షరతులూ మాత్రం ఏరి ఒక పేజీలో రాసుకోండి. రెరాలో చూపిన పూర్తి తేదీ చట్టబద్ధమైన మాట. అది దాటితే కొన్నవాళ్లు డబ్బు వెనక్కి అడగొచ్చు, లేదా అప్పగించేదాకా నెలనెలా వడ్డీ అడగొచ్చు. కొన్నవాళ్లు కట్టిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి, అందులోంచి తీయాలంటే పని ఎంత శాతమైందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాలి. బ్యాంకు లోను మీద కొన్నవాళ్లకూ వాయిదాలు శ్లాబుల లెక్కనే విడుదలవుతాయి. అందుకే శ్లాబు తేదీ రెండు వారాలు జరిగితే డబ్బు రావడమూ రెండు వారాలు జరుగుతుంది, దాంతో తర్వాతి ఇనుము ఆర్డరూ జరుగుతుంది. ఈ గొలుసు సైట్ ఇంజినీరుగా ఉన్నన్నాళ్లూ కనబడదు.

షెడ్యూలు కోసం సాఫ్ట్‌వేర్ నేర్చుకునే పని ఇప్పుడు పెట్టుకోవద్దు. ఎక్సెల్ చాలు. ఒక షీటులో మొత్తం భవనం, 60 లైన్లకు మించకుండా. 400 లైన్లు రాస్తే రెండో వారం నుంచి దాన్ని ఎవరూ దిద్దరు. రెండో షీటులో రాబోయే మూడు వారాల పనులు. మీ అసలు పనిముట్టు ఈ రెండో షీటే. ఒక్కో పని ఎదురుగా ఆరు గడులు పెట్టండి: డ్రాయింగు వచ్చిందా, సామాను ఉందా, మనుషులున్నారా, డబ్బు సిద్ధమా, ముందు పని అయిపోయిందా, అనుమతి లేదా కన్సల్టెంటు తనిఖీ అయిందా. ఆరూ నిండని పనిని వచ్చే వారానికి మాటివ్వకూడదు. శనివారం సాయంత్రం పేమెంట్లకు మేస్త్రీలంతా ఎలాగూ వస్తారు, అప్పుడే అరగంట కూర్చోబెట్టి వచ్చే వారం ఏ పని ఏ రోజుకి అవుతుందో వాళ్ల నోటితోనే చెప్పించండి. తర్వాతి శనివారం చెప్పినవాటిలో ఎన్ని అయ్యాయో లెక్కపెట్టి, కానివాటికి ఒక్క మాటలో కారణం రాయండి. ఆరు వారాలు గడిస్తే కారణాల్లో రెండే మళ్లీ మళ్లీ వస్తున్నాయని తెలుస్తుంది. వాటి మీద పడండి.

ఇది శ్లాబుకి ఎలా పనిచేస్తుందో వివరంగా చూద్దాం. అంతస్తు 3,000 చదరపు అడుగులు, శ్లాబు మందం 5 అంగుళాలు అనుకుంటే శ్లాబు వరకే 35 క్యూబిక్ మీటర్లు, బీములతో కలిపి ఉజ్జాయింపుగా 55 అవుతుంది. మీ డ్రాయింగు నుంచి అసలు లెక్క తీయండి. ఇనుము చదరపు అడుగుకి 4 కిలోల చొప్పున వేసుకుంటే, కాలమ్స్‌తో కలిపి 12 టన్నులు. ఇప్పుడు పోసే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి.

21 రోజుల ముందు: స్ట్రక్చరల్ డ్రాయింగు ఆఖరి రివిజన్ మీ చేతిలో ఉండాలి, బార్ బెండింగ్ షెడ్యూలు (ఏ కడ్డీ ఎంత పొడవు, ఎలా వంచాలి అన్న పట్టిక) మొదలవ్వాలి. 15 రోజుల ముందు ఇనుము ఆర్డరు, దానికి డబ్బు. 10 రోజుల ముందు సెంట్రింగు మొదలు, దానికి ముందే ప్రాప్‌లు (శ్లాబు కింద నిలబెట్టే ఆధారాలు), షీట్లు ఎన్ని కావాలో ఎన్ని ఉన్నాయో లెక్క. కింది అంతస్తులో ఇంకా తీయకూడని ప్రాప్‌లను పైకి లెక్కేసుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. 4 రోజుల ముందు కరెంటు పైపులు, ఫ్యాన్ బాక్సులు, ప్లంబింగు స్లీవులు. 2 రోజుల ముందు స్ట్రక్చరల్ ఇంజినీరు తనిఖీ. ఆయన విజయవాడ నుంచి రావాలంటే వారం ముందే టైము అడిగి ఉండాలి, శ్లాబు రెడీ అయ్యాక ఫోన్ చేస్తే రెండు మూడు రోజులు ఊరికే పోతాయి. ముందు రోజు కాంక్రీటు ప్లాంటుకు డబ్బు, పంపు, రెండు వైబ్రేటర్లు, తోడుగా ఇంకొకటి, జనరేటరుకి డీజిలు, వాతావరణ సూచన.

పోసే రోజు లెక్క వేరు. ట్రాన్సిట్ మిక్సర్ ఒక్కోటి 6 క్యూబిక్ మీటర్లు తెస్తే 55కి పది ట్రిప్పులు. బండికీ బండికీ మధ్య 35 నిమిషాలు వేసుకుంటే దాదాపు ఆరు గంటలు. ప్లాంటులో నీళ్లు కలిపిన దగ్గర్నుంచి రెండు గంటల్లో బండి ఖాళీ అవ్వాలి. ప్లాంటు మంగళగిరి వైపు ఉండి సైటు బ్రాడీపేట అడ్డరోడ్డులో ఉంటే మొదటి బండి తెల్లవారకముందే బయలుదేరాలి. అలాంటి సందుల్లో పొడవాటి చెయ్యి ఉన్న బూమ్ పంపు కాళ్లు చాపే చోటు ఉండదు, పైపులు వేసి పంపే లైన్ పంపు మాట్లాడుకోవాలి. ఆరో బండి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఎక్కడ ఆపాలో ముందే నిర్ణయించి డ్రాయింగు మీద గీసిపెట్టండి: స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) మధ్య మూడో వంతులో, నిలువుగా చెక్క అడ్డుపెట్టి. ఆ చోటు స్ట్రక్చరల్ ఇంజినీరుతో ఒప్పించుకోవాలి. అక్కడికక్కడ తోచిన చోట వాలుగా వదిలేస్తే ఆ అతుకు దగ్గరే తర్వాత నీళ్లు కారతాయి. పంపు కుర్రాళ్లు బండిలో నీళ్లు కలపమంటారు. ఒప్పుకోకండి. గట్టిగా ఉందనిపిస్తే ప్లాంటు టెక్నీషియన్ అడ్మిక్స్చర్‌తో (నీళ్లు కలపకుండానే జారుడు పెంచే రసాయనం) సరిచేయాలి.

క్యూబులు: కాంక్రీటుకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 31 నుంచి 50 క్యూబిక్ మీటర్ల దాకా నాలుగు శాంపిళ్లు, ఆపైన ప్రతి 50కి లేదా అందులో కొంత భాగానికి మరొకటి. 55 అంటే ఐదు శాంపిళ్లు, శాంపిలుకి మూడు చొప్పున 15 క్యూబులు, ఇవన్నీ 28 రోజుల పరీక్షకు. ఏడో రోజు రిపోర్టు కావాలంటే అదనంగా పోయాలి. ఉన్న పదిహేనులోంచి తీస్తే 28 రోజుల లెక్కకు తగ్గుతాయి. అచ్చులు ఆరే ఉన్నాయని పోసే రోజు ఉదయం తెలిస్తే లాభం లేదు.

ప్రాప్‌ల మీద మేస్త్రీ ఒత్తిడి ఎక్కువ ఉంటుంది, పై అంతస్తుకి అవే కావాలి కాబట్టి. 4.5 మీటర్ల లోపు స్పాన్ శ్లాబుకి 7 రోజులు, అంతకు మించితే 14. బీములకు 6 మీటర్ల లోపు 14, ఆపైన 21. ఇవి ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటుకి చెప్పినవి. మన దగ్గర ఎక్కువగా వాడే ఫ్లై యాష్ కలిసిన పీపీసీ మొదట్లో నిదానంగా బలం పుంజుకుంటుంది, అందుకే రోజులు పెంచాలో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరుని అడిగి రాయించుకోండి. పీపీసీకి క్యూరింగు కనీసం 10 రోజులు, మే నెల ఎండల్లో 14. ఈ లెక్క తెలిస్తే రెండు సెట్ల ప్రాప్‌లు అద్దెకు తేవడం ఖర్చా, లేక అంతస్తుకి పది రోజులు పోగొట్టుకోవడం ఖర్చా అన్నది ఓనర్‌గారికి రూపాయల్లో చూపించగలుగుతారు.

షెడ్యూలులో పెట్టాల్సిన స్థానిక తేదీలను ఏ కోర్సూ నేర్పదు. సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్లు ఊరెళ్తే జనవరిలో కనీసం పది రోజులు పని నడవదు. ఆ తర్వాత మిరప కోతలు మొదలై చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే రోజు కూలీలు తగ్గుతారు. జూన్ మధ్య నుంచి వానలు. వానాకాలంలో నదిలో ఇసుక తవ్వకం ఆగుతుంది, స్టాకు యార్డుల మీదే ఆధారపడాలి కాబట్టి మే నెలలోనే ఇసుక తోలించుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానులు: 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. అలాంటప్పుడు మీ సైటు మునగకపోయినా సామాను రాదు, మనుషులూ రారు. ఆషాఢం, మూఢం తేదీలు కూడా రాసుకోండి. కొన్నవాళ్లు గృహప్రవేశం ముహూర్తం పెట్టుకునేది వాటిని తప్పించే కదా, అప్పగింత ఒత్తిడి ఆ ముందు రోజుల మీదే పడుతుంది.

నిర్ణయాలు రాబట్టడం మీ పనిలో కష్టమైన భాగం. ఓనర్‌గారు "చూద్దాంలే" అంటే అది ఒప్పుకున్నట్టూ కాదు, వద్దన్నట్టూ కాదు. అడిగే పద్ధతి మార్చాలి. వాట్సాప్‌లో ఇలా పంపండి:

"సార్, కిటికీలు యూపీవీసీనా, అల్యూమినియమా అన్నది 14వ తేదీలోపు తేలాలి. రెండు కొటేషన్లూ కింద పెట్టాను. ఆర్డరు ఇచ్చాక తయారీకి 5 వారాలంటున్నారు. 14 దాటితే దాటినన్ని రోజులూ పెయింటింగు వెనక్కి జరుగుతుంది. నా ఉద్దేశంలో యూపీవీసీ మంచిది. మీరు సరేనంటే ఆ రోజే ఆర్డరు పెడతాను."

ఇందులో గడువు, ఖర్చు, ఆలస్యమైతే ఏమవుతుంది, మీ అభిప్రాయం నాలుగూ ఉన్నాయి. జవాబు రాకపోతే 12వ తేదీన మళ్లీ గుర్తుచేయండి. ఫోనులో సరేనంటే "మీరు ఫోనులో చెప్పినట్టు యూపీవీసీ ఖాయం చేస్తున్నాను సార్" అని అదే చోట రాసిపెట్టండి. ఇది ఆయన్ని అనుమానించడం ఏమీ కాదు. నాలుగు సైట్లు చూసుకునే మనిషికి ఏ సైటులో ఏం చెప్పారో గుర్తుండదు. ఇలా అడగాల్సినవి మీకు ఇప్పుడే ఉన్నాయి: లిఫ్ట్, కిటికీలు, బాత్రూముల్లో గోడలోపల దాచే ఫ్లష్ ట్యాంకులా బయటివా, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ. ట్రాన్స్‌ఫార్మర్ దరఖాస్తు ఆఖర్న పెట్టి, ఫ్లాట్లన్నీ తయారై కరెంటు లేక తాళాలు ఇవ్వలేని భవనాలు చాలా చోట్ల కనిపిస్తాయి.

మార్పులు ఇంకో తలనొప్పి. మన దగ్గర స్థల యజమానులు కూడా తమ వాటా ఫ్లాట్లలో మార్పులు అడుగుతారు, అదీ నేరుగా మేస్త్రీకే చెప్తారు. కుటుంబంలో పెద్దాయన ఒకటి, కోడలు ఇంకొకటి చెప్పడం మామూలే. పద్ధతి ఒకటే పెట్టుకోండి: ఒక్కో ఫ్లాటుకు ఒక పేజీ, అడిగింది ఏమిటి, ఖర్చెంత, ఎన్ని రోజులు, సంతకం. సంతకం లేనిదే గోడ కదలదు. ఆ మాట మేస్త్రీకి మీరే ముందుగా, మర్యాదగా చెప్పి ఉంచాలి, లేకపోతే ఆయన ఇద్దరి మధ్యా నలిగిపోతాడు. ఆమోదం పొందిన ప్లానులోనే మార్పు వచ్చేదైతే మీ స్థాయిలో ఒప్పుకోకండి. రెరా చట్టంలో దానికి కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వక సమ్మతి కావాలి. డ్రాయింగు రివిజన్ మారిన రోజే పాత కాపీలు సైట్ నుంచి వెనక్కి తీసుకుని "రద్దు" ముద్ర వేయండి. రాడ్ బెండర్ దగ్గర పాతది, మీ దగ్గర కొత్తది ఉంటే జరిగే నష్టం కాంక్రీటు పోశాక బయటపడుతుంది.

డబ్బు దగ్గర ఒక్క సూత్రం పట్టుకోండి: ఇచ్చిన అడ్వాన్సు, చేసిన పని విలువను దాటకూడదు. లేబర్ రేటును దశలుగా విడగొట్టండి. ఉదాహరణకు సెంట్రింగు డెక్కింగు అయ్యాక 30 శాతం, ఇనుము కట్టాక 20, పోశాక 20, ప్రాప్‌లు విప్పి షీట్లు శుభ్రం చేసి పేర్చాక 20, మిగిలిన 10 ఆఖరి బిల్లులో. విప్పే దశకు 20 ఎందుకంటే, పోయగానే డబ్బంతా ఇచ్చేస్తే ఆ ముఠా వేరే సైట్‌కి వెళ్లిపోతుంది, మీ షీట్లు పైనే ఉండిపోతాయి. కొలతలు మేస్త్రీతో కలిసి తీసి, మెజర్‌మెంట్ బుక్‌లో ఇద్దరూ సంతకం పెట్టి, తర్వాతే బిల్లు. టీడీఎస్ (బిల్లులోంచే తీసి కట్టే ఆదాయపు పన్ను) కోత ఉంటుందని మొదటి బిల్లుకు ముందే చెప్పండి. రాబోయే మూడు వారాలకు ఏ శనివారం ఎంత డబ్బు కావాలో ఓనర్‌గారికి రాసివ్వండి. శుక్రవారం రాత్రి అడిగే మేనేజర్ మీద ఆయనకు నమ్మకం ఉండదు.

మనుషుల విషయం. నిన్నటిదాకా మీతో సమానంగా ఉన్న ఇంజినీరుకి ఇవాళ మీరు పని చెప్పాలి. ఇరవై ఏళ్లుగా పని చేస్తున్న తాపీ మేస్త్రీగారికి కూడా. వాళ్ల పనిలో వాళ్లకు మీకంటే ఎక్కువ తెలుసని ఒప్పుకుంటూనే తేదీ, కొలత, నాణ్యత దగ్గర గట్టిగా ఉండండి. పదిమందిలో తిట్టకండి. సైట్ ఇంజినీరు ఉండగా ఆయన్ని దాటి మేస్త్రీకి పని పురమాయించకండి. అలా చేస్తే వారంలో సైటంతా ప్రతి చిన్నదానికీ మీ దగ్గరికే వస్తుంది. మీరు కూడా కడ్డీల గ్యాపులు కొలవడానికే రోజంతా పైన ఉండిపోతారు, తెలిసిన పని కాబట్టి మనసు అటే లాగుతుంది. ఉదయం రెండు గంటలు, సాయంత్రం గంటన్నర సైట్ తిరగండి. మధ్యలో ఉన్న సమయం ఫోన్లకు, కాగితాలకు, మూడు వారాల షీటుకు. ఒక్కటి మాత్రం ఎవరికీ వదలకండి: లిఫ్ట్ షాఫ్ట్, శ్లాబు అంచుల చుట్టూ అడ్డుకట్టలు రోజూ మీ కళ్లతోనే చూడాలి.

ఇక కోర్సులు. ఇప్పుడే పీఎంపీ వద్దు. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు, 35 గంటల శిక్షణ అడుగుతారు. సైట్ ఇంజినీరుగా చేసినదాంట్లో పని నడిపించిన నెలలే లెక్కకొస్తాయి. అనుభవం అక్కర్లేని సీఏపీఎం అన్న చిన్న సర్టిఫికెట్ ఉంది, దానికి 23 గంటల శిక్షణ చాలు. కానీ ఈ భవనం కట్టడానికి అది నేరుగా సాయపడదు. మొదటి ఆరు నెలలకు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో కన్‌స్ట్రక్షన్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పాఠాలు ఉచితంగా చూడొచ్చు. షెడ్యూలింగు, ఖర్చు నియంత్రణ, కాంట్రాక్టులు అన్న మూడు భాగాలు ముందు చూడండి, ఆ వారం సైట్‌లో తగిలిన సమస్యకు సంబంధించినది ముందు తీయండి. ఎక్సెల్‌లో పివట్ టేబుల్, ఎక్స్‌లుకప్ రెండూ నేర్చుకుంటే స్టాకు, బిల్లుల లెక్కకు సరిపోతుంది. ఎంఎస్ ప్రాజెక్ట్, ప్రిమవెరా లాంటి షెడ్యూలు సాఫ్ట్‌వేర్లు పెద్ద కంపెనీకి మారాలనుకున్నప్పుడు చూసుకోవచ్చు. పీఎంపీ దరఖాస్తులో ఒక్కో ప్రాజెక్టు ఏ నెల నుంచి ఏ నెల దాకా, మీ పాత్ర ఏమిటి, ఏం సాధించారు అని విడివిడిగా రాయమంటారు. మీరు ఈ శనివారం మొదలుపెట్టే మూడు వారాల షీట్లు, నిర్ణయాల మెసేజీలు, మార్పుల పేజీలు ఫోల్డర్లలో తేదీల వారీగా దాచుకోండి, అప్పుడు ఆ దరఖాస్తు నింపడం ఒక్క పూట పని.